చెస్‌లో పీస్ ఎక్కువ ఉన్నా గెలవలేకపోతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

రేటింగ్ టోర్నమెంట్లు ఇరవై ఏళ్లకు పైగా ఆడుతున్నాను. కొన్నేళ్లుగా ఆదివారాలు పిల్లలకు నేర్పుతున్నాను కూడా. ఓపెనింగ్ గురించి అడిగేవాళ్లు తక్కువ. "సార్, గుర్రం ఎక్కువుంది, అయినా పోయింది" అంటూ స్కోర్‌షీట్ పట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, నా ఈడువాళ్లు అందరిదీ అదే బాధ. మళ్లీ మళ్లీ వచ్చే ఆ సందేహాలకు నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

పావుల పేర్లు రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, బంటు అనే రాశాను. శకటును మాత్రం బిషప్ అన్నాను, ఆడే హాల్లో అందరూ అనేది అదే కాబట్టి. పీస్ అంటే బంటు కాని పావు, ఇక్కడ ఎక్కువగా గుర్రమో బిషపో. బి2, ఎఫ్7 లాంటి గడి పేర్లలో అక్షరం నిలువు వరుసది, అంకె అడ్డవరుసది.

## పావు చేతికొచ్చిన కొత్తలో

పీస్ గెలిచాను. ఇప్పుడు మొదట ఏం చేయాలి?

గడియారంలో టైమ్ ఉంటే ఒక రెండు నిమిషాలు ఏమీ ఆడకుండా బోర్డు చూడండి. పావును కొట్టడానికి వెళ్లినప్పుడు మన మిగతా పావులు చెల్లాచెదురై ఉంటాయి. మంత్రి ఎక్కడో మూల బంటు తిని అక్కడే ఇరుక్కుని ఉంటుంది. ఒక ఏనుగు ఇంకా పుట్టిన గడిలోనే ఉంటుంది. రాజు కాజిల్ కాకుండా మధ్యలో నిలబడి ఉంటాడు. ఎదుటివాళ్లకు పావు పోయింది గానీ, వాళ్ల మిగతా పావులు బయటికొచ్చి సిద్ధంగా ఉంటాయి.

నేను ఓడిన పాత ఆటలు తీసి చూసుకుంటే, పీస్ గెలిచిన తర్వాతి ఏడెనిమిది ఎత్తుల్లోనే చాలావరకు పాడయ్యాయి. అందుకని ఆ కాసేపు గెలుపు సంగతి పక్కన పెడతాను. రాజు భద్రంగా ఉన్నాడా? ఆసరా లేకుండా ఒంటరిగా ఉన్న నా పావు ఏది? ఎదుటివాళ్లకు ఇప్పుడు చెక్ ఏముంది, కొట్టడానికి ఏముంది? ఈ మూడూ చూసుకుని పావులను ఇంటికి తెచ్చుకుంటాను. నాలుగైదు ఎత్తులు అలా పోయినా ఏమీ కాదు. గెలిచిన పీస్ ఎక్కడికీ పోదు.

ఎంత ఎక్కువ ఉంటే గెలిచే ఆట అనుకోవాలి?

బంటు 1, గుర్రం 3, బిషప్ 3, ఏనుగు 5, మంత్రి 9 అన్న లెక్క అందరికీ తెలిసిందే. బంట్లు కూడా బోర్డు మీద ఉండి, ఎదుటివాళ్లకు దాడి లేకపోతే ఒక పీస్ తేడా గెలుపుకు సరిపోతుంది. రెండు బంట్లు ఎక్కువున్నా చాలావరకు గెలుపే. ఒక్క బంటు అయితే మిగిలిన పావులు ఏవన్నదాన్ని బట్టి మారిపోతుంది.

బంట్లన్నీ అయిపోయాక లెక్క వేరు. అప్పుడు గెలవాలంటే సుమారు ఏనుగంత తేడా కావాలి. ఏనుగుకు ఎదురుగా ఒక్క బిషపో గుర్రమో ఉంటే సాధారణంగా డ్రా. మంత్రికి ఎదురుగా ఏనుగు ఉంటే గెలుపు, అదీ కష్టపడి. ఒక్క బిషప్‌తోనో ఒక్క గుర్రంతోనో అసలు మేటే కాదు.

ఇంకో బంటు ఉచితంగా కనిపిస్తోంది. తినేయనా?

ఇప్పటికే పీస్ ఎక్కువుంటే ఆ బంటు వల్ల ఫలితం మారదు. దాన్ని తినడానికి వెళ్లి రావడంలో పోయే రెండు మూడు ఎత్తుల వల్ల మాత్రం మారవచ్చు. బి2లోనో బి7లోనో బంటు తినడానికి వెళ్లిన మంత్రి తిరిగి రాలేక ఎన్ని ఆటలు పోయాయో చెప్పలేను.

నా పద్ధతి ఇది. ఆ బంటు నా దారికి అడ్డంగా ఉంటేనో, అది రేపు పాస్డ్ బంటుగా (ఎదురుగా గానీ పక్క వరుసల్లో గానీ ఆపే బంటు లేనిదిగా) మారి నన్ను ఇబ్బంది పెట్టేలా ఉంటేనో తింటాను. ఎదుటివాళ్ల పావులు నా రాజు వైపు తిరిగి ఉంటే ముట్టుకోను.

ఆధిక్యం వచ్చాకే నాకు టెన్షన్ ఎందుకు మొదలవుతుంది?

సమానంగా ఉన్నప్పుడు పోగొట్టుకోవడానికి చేతిలో ఏమీ లేదు. ఇప్పుడు ఉంది. మనసు అప్పుడే తర్వాతి రౌండ్ పెయిరింగ్‌లోకి, పెరిగే రేటింగ్‌లోకి, ఇంటికి ఫోన్ చేసి చెప్పబోయే మాటలోకి వెళ్లిపోతుంది. చేయి మాత్రం ఇక్కడ ఎత్తులు వేస్తూ ఉంటుంది.

నాకు పనికొచ్చింది ఒకటి చెబుతాను. కుర్చీలోంచి లేచి, నీళ్లు తాగి, తిరిగొచ్చి బోర్డును కొత్తవాడిలా చూస్తాను. ఈ ఆట ఇంతవరకూ ఎవరో ఆడారు, నన్ను ఇప్పుడే కూర్చోబెట్టారు అనుకుంటాను. అలా చూస్తే ఎలా గెలిచామన్న సంబరం పోయి, ఎదుటివాళ్ల బెదిరింపులు కనిపిస్తాయి. పిల్లలకు కూడా ఇదే నేర్పుతున్నాను, వాళ్లకు నాకంటే త్వరగా అలవాటైంది.

ఓడిపోయిన ఆటను ఎదుటివాళ్లు రిజైన్ చేయకుండా లాగుతుంటే చిరాకేస్తోంది.

అది వాళ్ల హక్కు. నిజానికి మంచి ఆటగాడు చేయాల్సిందీ అదే. 2016లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కార్ల్‌సన్ మూడో గేమ్‌లోనూ నాలుగో గేమ్‌లోనూ కర్యాకిన్‌ను గెలుపు అంచుదాకా నెట్టాడు. ఒకటి 78 ఎత్తులు, ఇంకొకటి 94 ఎత్తులు సాగాయి. రెండూ డ్రా అయ్యాయి. ఆ తర్వాత ఎనిమిదో గేమ్‌లో కర్యాకినే గెలిచాడు. చివరికి టైటిల్ కార్ల్‌సన్‌దే అయినా టైబ్రేక్ దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఎదుటివాళ్లు లాగుతున్నారంటే మీ తప్పు కోసం చూస్తున్నారని అర్థం. చిరాకులో తొందరగా వేసే ఎత్తే వాళ్లకు కావాల్సింది.

## మిడిల్ గేమ్‌లో

పీస్ ఎక్కువుంది కదా, ఎదురైనవన్నీ మార్చుకుంటూ పోతే చాలదా?

పావులు మార్చుకోవడం మంచిదే. నాకు నాలుగు పావులు, ఎదుటివాళ్లకు మూడు ఉంటే తేడా అంతగా తెలియదు. మూడు జతలు మారిపోయాక నాకు ఒకటి ఉంటుంది, వాళ్లకు ఏమీ ఉండదు. అప్పుడు ఆ ఒక్క పావు వాళ్ల బంట్లను ఒక్కొక్కటే ఏరుకుంటుంది.

బంట్ల విషయంలో మాత్రం ఆగండి. చివరికి మంత్రి కావాల్సింది బంటే. బంట్లన్నీ పోతే మిగిలిన పీస్ ఎందుకూ పనికిరాకపోవచ్చు. విజయవాడలో ఒక టోర్నమెంట్ చివరి రౌండ్‌లో నాకు సరిగ్గా ఇదే జరిగింది. గుర్రం ఎక్కువుంది. ఎలాగైనా ఆట సులువు చేసుకోవాలన్న ఆత్రంలో ఏనుగులు మార్చాను, బంట్లు మార్చాను. చివరికి నాకు రెండు బంట్లు, ఆయనకు రెండు బంట్లు మిగిలాయి. ఆయన ఒక జత బంట్లను మార్పించి, తన ఆఖరి బంటును నా ఆఖరి బంటుకు బలి ఇచ్చాడు. బోర్డు మీద రెండు రాజులు, నా గుర్రం. ఆర్బిటర్, అంటే రిఫరీ, వచ్చి డ్రా అని రాసుకుని వెళ్లారు. ఐదు గంటల ఆట. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది. ఆ రోజు నుంచి, ఆధిక్యంలో ఉన్నప్పుడు బంటు మార్చే ముందు నా వైపు మిగిలే బంట్లను వేలితో లెక్కపెట్టుకుంటాను.

వెనకబడి ఉన్నవాళ్లు చేయాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు. బంట్లు మార్చాలి, పావులు అట్టిపెట్టుకోవాలి. ఎదుటివాళ్లు బంటు మార్పిడికి తహతహలాడుతుంటే వాళ్లకు ఈ సంగతి తెలుసన్నమాట.

ఏ పావును ముందు మార్చుకోవాలి? మంత్రులనా?

మీ రాజు కాస్త బయటపడి ఉంటే మంత్రులను మార్చడమే అన్నిటికంటే పెద్ద ఊరట. ఎదుటివాళ్లు తిరగబడాలన్నా, వరసగా చెక్‌లిచ్చి డ్రా చేసుకోవాలన్నా వాళ్ల ఆశ మంత్రి మీదే.

అది కుదరనప్పుడు వాళ్ల పావుల్లో బాగా పనిచేస్తున్నది ఏదో చూడండి. డి4లో స్థిరపడి కూర్చున్న గుర్రం కావచ్చు, మీ రాజు వైపు చూస్తున్న బిషప్ కావచ్చు. దాన్ని మార్చండి. మూలన పడున్న, తన బంట్లే అడ్డుపడిన బిషప్‌ను మాత్రం అలాగే ఉండనివ్వండి. దాన్ని మార్చితే వాళ్ల తలనొప్పి మీరే తీర్చినట్టు.

మార్పిడి కోసం మీ పావును వెనక్కి లాక్కోవాల్సి వస్తే మానేయండి. మంచి గడిలో పావును నిలబెట్టి, "కావాలంటే నువ్వే మార్చు" అన్నట్టు ఉంచితే వాళ్లే తప్పుకోవాల్సి వస్తుంది.

బిషప్ ఇచ్చి ఏనుగు తీసుకున్నాను. అయినా ఏనుగు పనిచేయడం లేదేంటి?

ఏనుగుకు ఖాళీ వరుస కావాలి. బంట్లు ఒకదానికొకటి అడ్డంగా నిలిచిపోయిన బోర్డులో ఏనుగు గోడల మధ్య తిరుగుతుంది, గుర్రం మాత్రం దూకి పోతుంది. అలాంటప్పుడు కాగితం మీది రెండు పాయింట్ల తేడా బోర్డు మీద కనిపించదు.

కాబట్టి వరుస తెరవాలి. దానికోసం ఒక బంటు మార్పిడి చేసుకోవడం ఇక్కడ తప్పు కాదు. ఖాళీ వరుస దొరికాక ఏనుగు ఏడో అడ్డవరుసలోకి దిగితే ఎదుటి బిషప్ అన్ని బంట్లనూ కాయలేదు, తన రంగు గడుల మీదున్నవే దాని చేతిలో ఉంటాయి. ఎదుటివాళ్ల దగ్గర రెండు బిషప్‌లూ ఉంటే మాత్రం ముందు అందులో ఒకదాన్ని మార్చే దారి వెతకండి.

ఎదుటివాళ్లు నా రాజు మీదికి దూసుకొస్తున్నారు. గెలిచిన పీస్ తిరిగి ఇచ్చేయొచ్చా?

ఇవ్వొచ్చు. నా అనుభవంలో ఈ ఆలోచన చాలామందికి బుర్రలోకే రాదు. గెలిచింది చేతిలోనే ఉండాలన్న పట్టుదలతో ఇరవై ఎత్తులు ముడుచుకుని కూర్చుని, చివరికి మేట్ అవుతారు.

రెండు బంట్లూ ఒక గుర్రమూ ఎక్కువున్నాయనుకోండి. ఎదుటివాళ్ల దాడికి మూలం ఒక బిషప్. దాన్ని మీ గుర్రంతో కొట్టి గుర్రాన్ని పోగొట్టుకుంటే ఇంకా గుర్రమంత ఆధిక్యం, రెండు బంట్లూ ఉంటాయి. అది మామూలు మార్పిడే. ఎక్కువున్న పీస్‌ను ఒక బంటుకే వదిలేసి దాడి మొత్తం ఆర్పేసినా, మూడు బంట్ల ఆధిక్యం, నెమ్మదైన రాజు మీకు మిగులుతాయి. ఆడాల్సిన ఆట ఎంతో సులువవుతుంది. కూడికలు తీసివేతలు వేసుకుని, ఇచ్చాక ఎంత మిగులుతుందో చూడండి. ఒక్క బంటు మిగిలినా, మంత్రులు మారిపోయి ఉంటే నేను ఇచ్చేస్తాను.

అన్నీ సర్దుకున్నాయి. కానీ ఏ ప్లాన్ వేయాలో తోచడం లేదు.

ఎదుటివాళ్లకు ఒక బలహీనత ఉంటే వాళ్లు పావులన్నీ దాని చుట్టూ పెట్టి కాచుకుంటారు. బోర్డుకు రెండో వైపున ఇంకో బలహీనత తయారు చేయాలి. ఉదాహరణకు వాళ్ల ఎ బంటు మీద ఒత్తిడి పెట్టి, పావులన్నీ అటు చేరాక, హెచ్ బంటును ముందుకు తోసి రాజు వైపు వరుస తెరవడం. పావు ఎక్కువున్నవాళ్లు అటూ ఇటూ తిరగగలరు. తక్కువున్నవాళ్లకు అన్ని చోట్లా కాపలా చాలదు.

దానికి ముందు ఒక చిన్న పని. మీ పావుల్లో అన్నిటికంటే పనికిమాలిన గడిలో ఉన్నది ఏదో చూసి దాన్ని మంచి గడికి చేర్చండి. ప్లాన్ తోచని ప్రతిసారీ నేను ఇదే చేస్తాను, మధ్యలో ప్లాన్ దానంతటదే కనిపిస్తుంది.

## ఎండ్‌గేమ్‌లో

ఒక్క బంటే ఎక్కువుంది. ఏ ఎండ్‌గేమ్‌లోకి దిగితే గెలుపు దగ్గర?

బంట్ల ఎండ్‌గేమ్. మిగతా పావులన్నీ మారిపోయి రాజులూ బంట్లే మిగిలితే ఒక్క బంటు ఆధిక్యం సాధారణంగా గెలుస్తుంది. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయింది ఇలాగే. 14వ గేమ్‌లో నల్ల పావులతో ఆడుతున్న అతనికి ఒక బంటు ఎక్కువ. ఇద్దరికీ ఒక ఏనుగు, ఒకే రంగు గడుల బిషప్ ఉన్నాయి. అలాగే సాగితే డ్రా అయ్యే స్థితి. 55వ ఎత్తులో ప్రత్యర్థి డింగ్ లిరెన్ తన ఏనుగును ఎఫ్2కి తెచ్చాడు. గుకేశ్ ఏనుగులు మార్చేసి, బిషప్‌ను డి5లో పెట్టాడు. డింగ్ బిషప్‌కు తప్పించుకునే దారి లేక అవీ మారిపోయాయి. మిగిలింది గెలిచే బంట్ల ఎండ్‌గేమ్. 58 ఎత్తులకు డింగ్ రిజైన్ చేశాడు.

అయితే మార్పిడికి ముందు చివరిదాకా లెక్కపెట్టాలి. బంట్ల ఎండ్‌గేమ్‌లో వెనక్కి తగ్గడం ఉండదు. ఒక రాజు, ఒక బంటు మిగిలితే ఏమవుతుందో తెలిసి ఉండాలి. తెల్ల బంటు ఇ4లో ఉంటే తెల్ల రాజు డి6, ఇ6, ఎఫ్6 గడుల్లో ఏదో ఒకదానికి చేరితే గెలుపు ఖాయం. రాజు ముందు, బంటు వెనక నడవాలి. చాలామంది పిల్లలు బంటును ముందు పరిగెత్తించి డ్రా చేసుకుంటారు. ఎ, హెచ్ వరుసల బంట్లకు ఈ సూత్రం వర్తించదు, ఎదుటి రాజు మూలకు చేరితే డ్రానే.

ఏనుగుల ఎండ్‌గేమ్‌లో బంటు ఎక్కువున్నా ఎప్పుడూ డ్రా అవుతోంది. తప్పు నాదేనా?

ప్రతిసారీ కాదు. బంట్లన్నీ ఒకే వైపు ఉండి నాలుగుకు మూడో, మూడుకు రెండో అయితే ఏనుగుల ఎండ్‌గేమ్ సరిగ్గా ఆడితే డ్రా. రెండు వైపులా బంట్లుండి, మీ ఎక్కువ బంటు రాజులకు దూరంగా ఉంటే గెలిచే అవకాశం చాలా మెరుగు.

మీ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఏనుగును పాస్డ్ బంటు వెనక పెట్టండి, బంటు ముందుకు పోయేకొద్దీ ఏనుగుకు చోటు పెరుగుతుంది. బంటును కాయడానికి ఏనుగును మూల కూర్చోబెట్టే బదులు, అవసరమైతే ఆ బంటు వదిలేసి ఏనుగును తిరగనివ్వండి.

ఇక లూసెనా స్థితి చేతివేళ్లకు రావాలి. మీ బంటు ఏడో అడ్డవరుసలో, రాజు దాని ముందు గడిలో, ఎదుటి రాజు ఒక వరుస అవతల ఉంటాడు. మీ ఏనుగును నాలుగో అడ్డవరుసకు తెచ్చి, రాజును బయటికి నడిపించి, వరస చెక్‌లు వచ్చినప్పుడు ఏనుగును అడ్డం పెడతారు. దీన్నే వంతెన కట్టడం అంటారు. ఒక గంట కూర్చుంటే వచ్చేస్తుంది, జీవితాంతం పనికొస్తుంది.

బిషప్‌లు వేర్వేరు రంగులవి. రెండు బంట్లు ఎక్కువున్నా గెలవలేదు. ఎందుకు?

మీ బిషప్ తెల్ల గడుల్లో, వాళ్లది నల్ల గడుల్లో తిరుగుతుంటే రెండూ ఎప్పటికీ తలపడవు. మీ బంట్లు ఏ నల్ల గడి దగ్గర ఆగినా దాన్ని వాళ్ల బిషప్, రాజు కలిసి పట్టుకుంటారు. మీ బిషప్ ఆ గడిని ముట్టుకోలేదు. బంట్ల మధ్య దూరం ఎక్కువుంటేనే వాళ్ల రాజు, బిషప్ విడిపోయి గెలుపు వస్తుంది.

1998లో లినారెస్‌లో టోపలోవ్ మీద షిరోవ్ ఆడిన ఆట చూడండి. రెండు బంట్లు ఎక్కువుండి కూడా మామూలు దారిలో గెలుపు లేదు. 47వ ఎత్తులో షిరోవ్ తన బిషప్‌ను హెచ్3లో పెట్టి ఉచితంగా ఇచ్చేశాడు. తన రాజు ఎదుటి రాజు కంటే ముందుగా మధ్యకు చేరడానికి కావాల్సిన ఒక్క ఎత్తు సంపాదించడానికి. గెలిచాడు. ఆ ఎత్తు నాకు ఇప్పటికీ చూసిన ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది.

ఇలాంటి బిషప్‌లు ఉన్నప్పుడు మంత్రులో ఏనుగులో కూడా బోర్డు మీదుంటే వాటిని మార్చకండి. దాడి చేసేవాళ్లకు అప్పుడు ఒక పావు ఎక్కువున్నట్టే, ఎందుకంటే మీ బిషప్ కొట్టే గడిని వాళ్ల బిషప్ కాయలేదు.

ఎంత ఆధిక్యం ఉన్నా గెలవలేని స్థితులు ఏవి?

రెండు గుర్రాలతో, ఎదుటి రాజు ఒంటరిగా ఉంటే, బలవంతంగా మేట్ చేయలేం. బిషప్, హెచ్ వరుస బంటు ఉండి, ఆ బంటు మంత్రి అయ్యే గడి మీ బిషప్ రంగుది కాకపోతే, ఎదుటి రాజు మూలకు చేరాక డ్రా. తెల్లవాళ్లకైతే హెచ్8 నల్ల గడి, కాబట్టి తెల్ల గడుల బిషప్ అక్కడ పనికిరాదు. ఎ వరుసకూ ఇదే, ఎ8 తెల్ల గడి కాబట్టి అక్కడ నల్ల గడుల బిషప్ పనికిరాదు.

బంట్లు మార్చేటప్పుడు చివరికి ఏ వరుస బంటు మిగులుతుందో ముందే చూసుకోవాలి. ఎక్కువున్న బిషప్‌కు సరిపడని మూల బంటు ఒక్కటే మిగిలిందంటే అప్పటికే ఆలస్యమైపోయింది.

మంత్రి ఉండి కూడా స్టేల్‌మేట్ (చెక్ లేకుండానే ఎదుటివాళ్లకు ఆడే ఎత్తు మిగలక డ్రా) చేస్తున్నాను. ఎలా మానుకోవాలి?

ఎదుటి రాజు మూలలో ఉన్నప్పుడు, మీ మంత్రిని అతనికి గుర్రం దూకేంత దూరంలో పెట్టకండి. రాజు హెచ్8లో ఉంటే జి6, ఎఫ్7 గడులు ప్రమాదం. వాళ్లకు కదిలే బంటు కూడా లేకపోతే అక్కడే స్టేల్‌మేట్. ప్రతి ఎత్తుకూ ముందు "నేనిది ఆడాక వాళ్లు ఏం ఆడగలరు?" అని ఒక్క ఎత్తయినా కళ్లతో వెతకండి. చెక్ ఇస్తూ ఆడే ఎత్తుతో స్టేల్‌మేట్ ఎప్పటికీ కాదన్నది గుర్తుంటే టైమ్ లేనప్పుడు పనికొస్తుంది.

ఎదుటి రాజుకు కదలిక లేనప్పుడు వాళ్ల ఏనుగు మీ రాజు పక్కన చేరి వరసగా చెక్‌లివ్వడం మొదలుపెడితే జాగ్రత్త. కొడితే స్టేల్‌మేట్, కొట్టకపోతే చెక్‌లు ఆగవు. అలాంటివాళ్ల రాజుకు ఒక్క గడి వదిలిపెట్టి ఉంచడమే మందు.

బిషప్, గుర్రంతో మేట్ నేర్చుకోవాలా? అసలు వస్తుందా ఆటలో?

అరుదుగా వస్తుంది. కానీ 2013లో జెనీవా మహిళల గ్రాండ్ ప్రిలో అప్పటి మహిళల ప్రపంచ చాంపియన్ అన్నా ఉషెనినాకు ఓల్గా గిర్యా మీద వచ్చింది. 50 ఎత్తుల్లో మేట్ కుదరక డ్రా అయింది. సరిగ్గా ఆడితే ఏ స్థితి నుంచైనా 33 ఎత్తుల్లో అయిపోతుంది. రాజును మీ బిషప్ రంగున్న మూలకు తోలాలి, రెండో రంగు మూలలో బలవంతంగా మేట్ చేయలేం.

పదేళ్లలోపు పిల్లలకు నేను దీన్ని నేర్పను. రాజు-బంటు, లూసెనా వచ్చాక నేర్పుతాను. రెండు పావులు కలిసి వల ఎలా వేస్తాయో దీన్ని మించి చూపించేది లేదు.

గెలుపు కనిపించడం లేదు, ఓటమి భయమూ లేదు. ఎంతసేపు లాగాలి?

మీకు రిస్క్ లేనంతవరకూ లాగండి. 2021 డిసెంబర్ 3న దుబాయ్‌లో కార్ల్‌సన్, నెపోమ్నియాచ్చి ఆరో గేమ్ 136 ఎత్తులు, ఏడున్నర గంటలకు పైగా సాగింది. ప్రపంచ చాంపియన్‌షిప్ చరిత్రలో అంత పొడవైన గేమ్ ఇంకోటి లేదు. చివర్లో కార్ల్‌సన్‌కు ఏనుగు, గుర్రం, రెండు బంట్లు, ఎదురుగా మంత్రి. సిద్ధాంతం ప్రకారం చాలాసేపు అది డ్రానే. అలసిపోయిన ఎదుటివైపు ఒక్కసారి తడబడింది, అంతే. అంతకుముందు వరసగా ఐదు గేముల్లో ఎవరూ గెలవలేదు. ఆ ఒక్క గేమ్ తర్వాత మ్యాచ్ ఒకవైపుకు ఒరిగిపోయింది.

## గడియారం, నియమాలు

గెలిచే స్థితి తెచ్చుకుంటాను, టైమ్ అయిపోతుంది. ఏం చేయాలి?

ఆధిక్యం రావడానికి ముందే టైమ్ తినేస్తున్నారన్నమాట. ఒక గేమ్‌లో ప్రతి ఎత్తు పక్కనా మిగిలిన నిమిషాలు రాయండి. ఎక్కడ పావుగంట పోయిందో ఇంటికెళ్లాక కనిపిస్తుంది. చాలామందికి అది ఓపెనింగ్ అయిపోయిన వెంటనే పోతుంది.

గెలిచే స్థితిలో మంచి ఎత్తు దొరికాక ఇంకా గొప్పది కోసం వెతకకండి. మూడు ఎత్తుల్లో మేట్ ఉందేమోనని ఎనిమిది నిమిషాలు ఖర్చు పెట్టే బదులు మంత్రులు మార్చే ఎత్తు వేసేయండి. ఎత్తుకు 30 సెకన్లు కలిసే ఆటలో భయపడాల్సింది లేదు, సులువైన స్థితి ఉంటే 30 సెకన్లు చాలు. చిక్కుముడి స్థితికి మాత్రం చాలవు.

టైమ్ ఒత్తిడి ఎంతటివాళ్లనైనా ఏం చేస్తుందో 1978 బాగియో ప్రపంచ చాంపియన్‌షిప్ ఐదో గేమ్ చూపిస్తుంది. కోర్చ్‌నోయ్ 55వ ఎత్తులో కార్పోవ్‌కు తప్పించుకోలేని మేట్‌ను చూడలేకపోయాడు. ఆట 124 ఎత్తులు సాగి స్టేల్‌మేట్‌తో ముగిసింది.

50 ఎత్తులు, మూడుసార్లు అదే స్థితి... ఈ నియమాలు ఎలా పనిచేస్తాయి?

ఇద్దరూ 50 ఎత్తుల పాటు బంటు కదపకుండా, ఏ పావూ కొట్టకుండా ఆడితే ఎవరైనా డ్రా అడగొచ్చు. అడగకపోయినా 75 ఎత్తులకు ఆర్బిటర్ డ్రా చేస్తారు. ఒకే స్థితి మూడోసారి వస్తే కూడా డ్రా అడగొచ్చు. ఐదోసారి వస్తే ఎవరూ అడగక్కర్లేదు.

ఆధిక్యంలో ఉన్నవాళ్లు మోసపోయేది మూడుసార్ల దగ్గరే. ఆలోచించుకోవడానికి టైమ్ కోసం అటూ ఇటూ రెండుసార్లు ఆడటం మంచి అలవాటే, మూడోసారి మాత్రం వద్దు. ఆ రెండుసార్లనూ స్కోర్‌షీట్ మీద గుర్తు పెట్టుకోండి.

బంటు మంత్రి అవుతోంది, కానీ పక్కన మంత్రి పావు లేదు. ఏనుగును తిరగేసి పెట్టొచ్చా?

పెట్టకండి. తిరగేసిన ఏనుగు ఏనుగుగానే లెక్క. గడియారం ఆపి, ఆర్బిటర్‌ను పిలిచి మంత్రిని అడగండి, అది మీ హక్కు. బంటును చివరి గడిలో పెట్టి, మార్చకుండానే గడియారం నొక్కితే అది చెల్లని ఎత్తు అవుతుంది. బంటు ఆరో అడ్డవరుసకు చేరగానే మంత్రిని తెప్పించి పక్కన పెట్టుకోమని మా పిల్లలకు చెబుతాను.

## సాధన, ఇల్లు

ఇంజిన్ (ఆటను అంచనా వేసే కంప్యూటర్ ప్రోగ్రామ్) నాకు ప్లస్ 5, అంటే ఐదు బంట్లంత ఆధిక్యం, చూపించిన ఆట ఓడిపోయాను. ఆ ఆటను ఎలా చూసుకోవాలి?

ముందు ఇంజిన్ కట్టేయండి. పీస్ గెలిచిన ఎత్తు నుంచి ఆట పాడైన ఎత్తు దాకా, ప్రతి ఎత్తు దగ్గరా అప్పుడు మీరు ఏమనుకున్నారో ఒక్క వాక్యం రాయండి. "దీంతో అయిపోతుంది అనుకున్నాను" అన్న వాక్యం కనిపిస్తే అక్కడ వెతకండి. ఆ తర్వాతే ఇంజిన్ పెట్టండి. ప్లస్ 5 అన్నది ఇంజిన్ ఆడితే వచ్చే అంకె. మీకూ నాకూ అక్కడ సులువైన దారి ఏదో ముఖ్యం, ఇంజిన్ చూపించిన మొదటి ఎత్తు కాకపోవచ్చు.

ఆధిక్యాన్ని గెలుపుగా మార్చడం ఇంట్లో ఎలా సాధన చేయాలి?

మీ సొంత ఆటల్లోంచి పీస్ ఎక్కువున్న స్థితి ఒకటి తీసుకుని, స్నేహితుడితో రెండు వైపులా ఆడండి. ముందు మీరు ఎక్కువున్న వైపు, తర్వాత తక్కువున్న వైపు. తక్కువున్న వైపు కూర్చున్నప్పుడు ఏం ఆశపెట్టుకుంటామో తెలుస్తుంది, మర్నాడు ఆ ఆశలను ముందే ఆర్పేయగలుగుతాం. ఎవరూ లేకపోతే కంప్యూటర్‌తో ఆడండి. లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో డబ్బు కట్టకుండానే ఎండ్‌గేమ్ స్థితులు ఆడుకోవచ్చు. ఏడు పావుల దాకా ఏ స్థితి గెలుపో ఏది డ్రానో కూడా చూపిస్తుంది. వారానికి రెండు స్థితులు చాలు, కానీ మేట్ అయ్యేదాకా ఆడాలి.

గెలిచే ఆట పోగొట్టుకుని మా బాబు ఏడుస్తున్నాడు. ఏం చెప్పాలి?

అప్పుడు ఏమీ చెప్పకండి. "గుర్రం ఎక్కువుంది కదరా, ఎలా పోయింది?" అన్న మాట అసలు వద్దు. అది వాడికి మీకంటే బాగా తెలుసు. ఏదైనా తినిపించండి, తర్వాతి రౌండ్‌కు ముందు కాస్త నడిపించండి. ఆట చూడటం మర్నాడు పెట్టుకోండి. చూసేటప్పుడు పీస్ ఎలా గెలిచాడో ముందు చెప్పించుకోండి. అది వాడు సంపాదించుకున్నదే. పోయిన సగాన్ని ఆ తర్వాత కోచ్‌తో చూస్తాడు.

ఎవరి ఆటలు చూసి నేర్చుకోవాలి?

తెలుగువాళ్లలో అయితే గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ ఎండ్‌గేములు, కోనేరు హంపి ఆటలు నెమ్మదిగా చూడండి. హంపి 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. టైమ్ తక్కువున్నా స్థితిని చిక్కుబడనివ్వకుండా ఆడటం ఆమె దగ్గర నేర్చుకోవాలి.

పాతవాళ్లలో కాపబ్లాంకా. 1924 న్యూయార్క్‌లో టార్టకోవర్ మీద ఆడిన ఏనుగుల ఎండ్‌గేమ్‌తో మొదలుపెట్టండి. తెల్ల పావులతో ఆడుతూ 35వ ఎత్తులో రాజును ముందుకు నడిపించి, రెండు బంట్లను చెక్‌లతో సహా తిననిచ్చాడు. ఆ రాజు ఎఫ్6 చేరాక నల్ల పావులకు ఊపిరాడలేదు. 34వ ఎత్తు దాకా ఆడి బోర్డు ఆపండి. మీరైతే ఏం ఆడతారో కాగితం మీద రాసుకున్నాకే తర్వాతి ఎత్తు చూడండి.